ఇసుక తోసిన ఎర్రిస్వామి మేస్త్రీ

మా బావ ఎర్రిస్వామి మేస్త్రీ ఇక లేరు. మొన్న సోమవారం మూడో పీరియడ్‌లో ఉండగా ఈ దుర్వార్త నా చెవిన పడింది. షాపులో మోటారు విప్పుతూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట. నేను తెలుగు పండితుణ్ణి. ఎవరు గతించినా సంతాప వాక్యాలకు మా మండలంలో నా దగ్గరికే వస్తారు. సొంత అక్క భర్త అస్తమించిన వేళ మాత్రం రెండు రోజులు ఒక్క వాక్యమూ కుదరలేదు. దుఃఖం ఒక్కటే అందుకు కారణం కాదు. ఆయన గురించి సత్యం రాయాలంటే నా తప్పు కూడా రాయాలి. ఆ తప్పు మా అక్క తిప్పమ్మకు ఎనిమిదేళ్లుగా తెలియదు. అచ్చుకు పంపేముందు ఆమెకు చదివి వినిపించాలని ఒట్టు పెట్టుకుని కలం పట్టాను.

మా ఊరు హగరి ఒడ్డున ఉంది. ఆ ఏటిలో నీళ్లు చూసినవాళ్లు తక్కువ, దాని ఇసుక తిననివాళ్లు లేరు. ఆషాఢంలో పడమటి గాలి లేచిందంటే ఏటి ఇసుక ఊరి మీదికి నడిచొస్తుంది. రాత్రి వేసిన తలుపు తెల్లవారి తెరుచుకోదు. అక్క ఇల్లు పడమటి కొసన ఉండడంతో ఇసుక గోడకు నడుమెత్తు పేరుకునేది. గంపలకు గంపలు ఎత్తిపోసి అక్క నడుము పట్టేసింది.

అది చూడలేక బావ ఒక బండి కట్టారు. ఆయన వృత్తి మోటారు వైండింగ్. కాలిపోయిన పంపు మోటార్లకు కొత్త తీగ చుట్టి ప్రాణం పోసేవారు. ఎవరో పారేసిన మోటారుకు పాత జీపు గేరుబాక్సు తగిలించి, రెంటికీ బెల్టు వేసి, ముందు ఇనుపరేకు పలక బిగించారు. బోరు దగ్గరి స్టార్టర్ డబ్బా నుంచి పొడవాటి కేబులు. ఊరంతా దాన్ని కరెంటు ట్రాక్టర్ అంది. నేనూ ఊరుకోలేదు.

"ఏం బావా, దీనికి లైసెన్సు యాడ ఇస్తారు?" అన్నాను.

"నగు అయ్యవారూ, నగు. మీ యక్క గంప దించినాక ఎవరు నగుతారో సూస్తాం," అన్నారు.

మరుసటి ఆషాఢంలో అక్క గంప దించింది.

ఆయన నిష్ఠను చెప్పడానికి ఒక్క సంగతి చాలు. మా ప్రాంతంలో త్రీ ఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. కరెంటు పోతే స్టార్టర్ ఆఫ్‌లో పడిపోతుంది, కరెంటు తిరిగొచ్చాక ఒకరు వచ్చి బటన్ నొక్కాలి. ఆ నడక తప్పించుకోవడానికి రైతులు డబ్బాలో 'ఆటో' అనే పరికరం పెట్టించుకుంటారు. దాని మీట ఎత్తి ఉంచితే కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. బావకు అదంటే మంట. "మనిషి లేని తావున కరెంటును నమ్మద్దప్పా. దానికి మొగమాటం ల్యా," అని వచ్చిన ప్రతి రైతునూ చీవాట్లు పెట్టేవారు. బోరు బావకూ ఆయన తమ్ముడికీ ఉమ్మడిది కాబట్టి తమ్ముడు పెట్టించిన ఆటో ఆ డబ్బాలో ఉండేది. దాని మీట దించి చూసుకోనిదే బావ బండి ఎక్కేవారు కాదు.

ఎనిమిదేళ్ల కిందటి ఆషాఢంలో ఒక ఆదివారం పొద్దున్నే సాయానికి వెళ్లాను. నాలుగు రోజులుగా గాలి ఆగలేదు. పడమటి గోడ పగులు విచ్చింది. ఇసుక తీయకపోతే గోడ ఇంట్లోకి పడుతుందని బావ కంగారు. నన్ను స్టార్టర్ దగ్గర నిలబెట్టి, తాను బండి ఎక్కి తోయసాగారు. సగం పనిలో కరెంటు పోయింది. స్టార్టర్ పడిపోయింది కదా అన్న ధీమాతో బావ గేరు తీయకుండానే దిగి నీళ్లు తాగడానికి వెళ్లారు.

నేను మీట ఎత్తాను. ఎందుకంటే ఏం చెప్పను? మా నాయన చేలో చిన్నప్పటి నుంచీ చేసిన పని. కరెంటు పోతే చేయి మీట మీదికి పోతుంది, బుద్ధి వెనకాల వస్తుంది. అలా ఎత్తేసి ఇంటివైపు నడిచాను.

పలకకూ గోడకూ మధ్య అక్క వంగి ఉంది.

"యక్కా, ఆడేం చేస్తాండావు?"

"కంప ఇరుక్కున్యాది రా. పెరుకుతాండా."

మోటారు గుర్రుమంది. బండి కదిలింది. అక్క వెనక్కి జరగబోయి ఇసుకలో కూలబడింది. నేను అరిచానో లేదో నాకు తెలియదు, కాళ్లు మాత్రం కదల్లేదు. బావ చెంబు విసిరేసి, గోడకు ఆనించిన ఇనుప గడారి అందుకుని పరుగున వచ్చి బెల్టులోకి పొడిచారు. గడారితో పాటు చేయీ లోపలికి పోయింది. బెల్టు ఊడి పడింది. పలక అక్క మోకాళ్లను తాకి ఆగింది. బావ కుడిచేతి రెండు వేళ్లు లేవు.

రాయదుర్గం ఆసుపత్రికి జీపులో పోతుంటే ఆయన చెవిలో చెప్పబోయాను. "బావా, మీట..."

"నోర్ముయ్. ఆటో నేనే పెట్టినా. ఇంగొక మాట మాట్లాడద్దు."

ఊరు ఆ మాట నమ్మింది. ఏళ్ల తరబడి తమను తిట్టిన మేస్త్రీ తానే ఆటో పెట్టి వేళ్లు పోగొట్టుకున్నాడని అరుగుల మీద నవ్వుకున్నారు. "ఏమప్పా మేస్త్రీ, కరెంటుకు మొగమాటం వచ్చినాదా?" అని మొహం మీదే అడిగారు. ఆయన తల వంచుకుని తీగ చుట్టారు. సన్నని తీగ వేళ్లకు అందకపోతే అక్క పక్కన కూర్చుని అందించేది. బండికి కేబులు పీకేసి లారీ బ్యాటరీలూ వాటితో తిరిగే మోటారూ పెట్టి, చేయి వదిలితే ఆగిపోయే మీట అమర్చారు. ప్రతి ఆషాఢంలోనూ నవ్వినవాళ్ల వాకిళ్లలో కూడా ఇసుక తోశారు. నేను పక్కనే ఉన్నాను. ఒక్కనాడూ నోరు తెరవలేదు. పిరికివాణ్ణి.

ఇంతవరకు రాసింది నిన్న మధ్యాహ్నం అక్క ముందు కూర్చుని చదివాను. మీట దగ్గరికి వచ్చేసరికి కాగితం దించేశాను. అక్క నన్ను తేరిపార చూసింది.

"నిలపద్దు, చదువు."

చదివాను. లేచి పొమ్మంటుందని ఎదురుచూశాను.

"నాకు తెల్సురా," అంది. "కట్టు కట్టిన దినమే చెప్పినాడు. నీకు తెల్సని వానికి తెలియనీయద్దు, తెలిస్తే సిగ్గుతో మనింటికి రాడు, నీకు పుట్టింటోళ్లని ఉండేది వాడొక్కడే కదా అన్నాడు."

ఎనిమిదేళ్లు ప్రతి ఆదివారం ఆ ఇంట్లో అన్నం తిన్నాను. ఇద్దరూ తెలిసే వడ్డించారు. అంతటి ఔదార్యమూర్తి మళ్లీ నా జీవితంలోకి రారు. క్షమించమని అడుగుదామంటే ఎదుట మనిషే లేరు. చేయగలిగింది ఒక్కటే మిగిలింది. ఊరిలో చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు ఇది చదివి చెప్పండి. ఎర్రిస్వామి మేస్త్రీ ఏనాడూ ఆటో పెట్టలేదు. ఆ మీట ఎత్తింది నేను.