ఐసుపెట్టె బాబాయి

విహారయాత్రల బస్సులో వంట చేసే ఆయన్ని అందరూ ఐసు బాబాయి అంటారు. బయలుదేరే ముందే పెట్టెను చల్లబరుస్తాడు. పెద్ద పెద్ద గడ్డలు పేర్చి, సందుల్లో కాగితాలు కుక్కి, పైన పాత బొంత కప్పుతాడు. ఎండల్లో రోజులు గడిచినా ఐసు గట్టిగా ఉంటే మీసం దువ్వుకునేవాడు. ఎవరైనా మూత మీద చెయ్యేస్తే, "అదేమన్నా మీ అత్తారింటి తలుపా, వచ్చినప్పుడల్లా తియ్యడానికి?" అని కసిరేవాడు.

ఒకసారి, ఎన్నడూ సముద్రం చూడని ఒక మామ్మగారు, ఈసారైనా చూద్దామని కూతురితో బస్సెక్కింది. తన ఇన్సులిన్ సీసాలు ఆయన చేతికిచ్చి, "చల్లగా ఉంచు నాయనా" అంది. ఆయన తన పనితనమంతా చూపిద్దామని వాటిని రెండు గడ్డల మధ్య దూర్చాడు. మర్నాడు తీసేసరికి మందు గడ్డకట్టింది. కరిగినా ఇక పనికిరాదని డాక్టరు ఫోనులో చెప్పాడు. మందుల కొట్టున్న ఊరు వెనకెక్కడో ఉంది. బస్సు వెనక్కి తిరిగింది. భయపడిపోయిన కూతురు అక్కడినుంచే తల్లిని ఇంటికి తీసుకెళ్లిపోయింది. దిగేటప్పుడు మామ్మగారు, "నీ పెట్టె గట్టిదేనయ్యా" అని నవ్వింది. ఆవిడ తిట్టి ఉంటే ఆయన మనసు కాస్త తేలికపడేది.

ఇప్పుడూ బొంత అలాగే కప్పుతాడు. కానీ లోపల ఎవరి మందూ లేకపోయినా, బస్సు ఆగిన ప్రతిచోటా మూత తీసి గడ్డల మధ్య వేళ్లు పెట్టి తడుముతాడు. సగం దారిలోనే ఐసు నీళ్లవుతోంది.

"ఏం బాబాయ్, నీ పెట్టె కూడా ముసలిదైపోయిందా?" అని డ్రైవరు ఏడిపిస్తాడు.

"కరగనీరా" అంటూ ఆయన మళ్లీ మూత తీస్తాడు.