నాలుగో గ్లాసు

నాకు కిడ్నీ జబ్బు లేదని డాక్టరు చెప్పిన రోజు నేను నిరాశపడ్డాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో తరగతి నుంచి రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు.

కరోనాకి విశాఖపట్నంలో హాస్టల్ మూసేశాక ఉద్దానంలో, కవిటి వైపు, మా ఊరికి వచ్చేశాను. మొదటి నెల బాగానే గడిచింది. తరువాత ఏ రోజు ఏ వారమో తెలిసేది కాదు. పొద్దున్నే ఫోన్‌లో క్లాసు పెట్టి, కెమెరా, మైకు ఆపేసి, సిగ్నల్ అందే కిటికీలో దాన్ని ఉంచి మళ్లీ పడుకునేదాన్ని. హాజరు పడేది. పది దాటాక లేచినా జడ విప్పి దువ్వుకోబుద్ధయ్యేది కాదు. అన్నం సయించేది కాదు. తెచ్చుకున్న పుస్తకాల్లో ఒకే పేజీ దగ్గర వారాలు ఆగిపోయాను. పరీక్షలు రాయకూడదని, చదువు మానేయాలని మనసులో అనేసుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. నన్నెవరూ తిట్టలేదు. ఇంట్లో ఎవరికీ కరోనా రాలేదు.

అప్పట్లో నేను తప్పకుండా చేసిన పని ఒక్కటే, నానమ్మ తాగే నీళ్లు రాయడం. ఆవిడకి వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. రోజుకి మూడు గ్లాసులు మించకూడదన్నారు. జీడితోటలో ఎండపూట పనిచేసి, చెంబెత్తి గటగటా తాగిన మనిషి ఆవిడ. డైరీ వెనక పేజీల్లో గ్లాసుకో గీత గీసేదాన్ని. మధ్యాహ్నం అమ్మ తోటకి వెళ్లగానే నానమ్మ గ్లాసు చాపేది.

"ఓలమ్మ, ఇంకొక్క గుక్క పొయ్యే."

"మూడూ అయిపోనాయి నానమ్మా."

"అయిపోతే అయిపోనాయి. ఇది నీ పుస్తకంలో రాయకే."

పెదాలు తడిసేంత పోసేదాన్ని. రాసేదాన్ని కాదు.

కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న మా వైపు మనిషి నీరసంగా కనిపిస్తే, ముఖం కాస్త ఉబ్బితే, ముందు అడిగేది రక్తం చూపించారా అని. అమ్మ ఆ మాట చాలా రోజులు మింగుకుని, చివరికి నాన్నతో అనేసింది.

"గుంట అన్నం తినట్నేదు. దాని మొకం సూసినావా? మీ అమ్మకీ ఇలాగే మొదలైంది."

 మర్నాడు నాన్న నానమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్లే ఆటోలోనే నన్నూ ఎక్కించాడు. దారి పొడవునా మాస్కు వెనక ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. మొక్కుకుంటున్నాడు. నాకు మాత్రం చాలా రోజుల తరువాత తేలిగ్గా ఉంది. జబ్బయితే దానికో పేరుంటుంది. ఎందుకు లేవలేకపోతున్నావని ఇక ఎవరూ అడగరు.

నానమ్మ డయాలసిస్ ముగిసేసరికి నా రక్తం రిపోర్టు వచ్చింది.

"క్రియాటినిన్ బాగుంది. అమ్మాయికి కిడ్నీ జబ్బేమీ లేదు" అన్నారు డాక్టరు.

నాన్న గోడకి ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను. సంతోషమనుకున్నాడు. నానమ్మ మాత్రం నా ముఖం కేసే చూస్తోంది. సూదులు గుచ్చిన ఆవిడ చేతికి ఇంకా కట్టు ఉంది. ఆ చేయి చూశాక సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మర్నాడు నేను గీత గీస్తుంటే ఆవిడ అడిగింది.

"నా నీల్లు నువ్వు రాత్తన్నావు. నీయి ఎవులు రాత్తన్నారే?"

"నాకు లెక్కేటి? ఎన్నైనా తాగొచ్చు."

"తాగొచ్చు. తాగినావా మరి?"

పొద్దున్నుంచి ఒక్క చుక్క తాగలేదు.

ఆవిడకి రాయడం రాదు. మంచం పక్కన రెండు గిన్నెలు పెట్టించుకుని, ఒకదాంట్లో జీడిపిక్కలు పోయించింది. నేను గ్లాసు నీళ్లు తాగితే ఒక జీడిపిక్క ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి మారేది. స్నానం చేస్తే ఒకటి. ఆవిడ ముందు కూర్చుని జడ వేయించుకుంటే రెండు. ఒకసారి ఏమీ చేయకుండానే, ఆవిడ చూడనప్పుడు ఒకటి వేయబోయాను.

"సదువుకున్నదానివి, దొంగ పిక్కలేత్తావేటే?" అని గిన్నె లాక్కుంది.

కిటికీలోని ఫోన్ కూడా తన మంచం మీదికి తెప్పించుకుంది. "ఆ మాస్టారు ఒక్కడే మాటాడుకుంతన్నాడు, పాపం. పలకొచ్చు గదే" అంది. అంతలో ఆయన నా పేరు పిలిచారు. అన్ని నెలల్లో మొదటిసారి మైకు నొక్కి, "ఉన్నాను సర్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ రోజు గుప్పెడు పిక్కలు పడ్డాయి.

అంతటితో బాగైపోయానని చెప్పను. రెండు రోజులు లేస్తే మూడో రోజు పడుకుండిపోయేదాన్ని. అప్పుడు పిక్కలు కదిలేవి కావు, ఆవిడ ఒక్క మాట అనేది కాదు. తరువాత టెక్కలిలో మనసు జబ్బులు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి నాన్నతో నేనే వెళ్లాను. దీనికీ మందు ఉంటుందని ఆవిడ చెప్పింది. పరీక్షలు రాశాను.

యూనివర్సిటీ తెరిచాక, బయలుదేరే పొద్దున, రిపోర్టు రోజు సంగతి నానమ్మకి చెప్పాలని పక్కన కూర్చున్నాను. చెప్పకుండానే లేవబోయాను. ఆవిడే నా తల దగ్గరికి లాక్కుంది. నేను మళ్లీ ఇంటికి వచ్చేసరికి నానమ్మ లేదు. మంచం గోడకి నిలబెట్టి ఉంది, దాని వెనక రెండు గిన్నెలు. అందుకే ఆ పొద్దున నా చెవిలో అన్నవే నాకు ఆవిడ చివరి మాటలు.

"జబ్బు నేదంటే ఏడిసినావు సూడు, నాకు తెలుసులే గుంటా. అది నీ పుస్తకంలో రాయకే."