పిలిస్తే పలకని ప్రిన్స్

1975 చలికాలం. గుణదలలో రైలు పట్టాల పక్కన మా ఇల్లు. నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో డాల్మేషియన్లను పెంచి పిల్లల్ని అమ్మేవాళ్ళం. తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలుండే ఈ జాతిని మా వైపు చుక్కల కుక్క అంటారు. నాన్నతో పనిచేసిన ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఇచ్చిన జంటతో ఇదంతా మొదలైంది. ఆ జంటకు తెలుగు అర్థమయ్యేది కాదు. అందుకని నాన్న వాటితో ఇంగ్లీషులో మాట్లాడారు, వాటి పిల్లలతోనూ అలాగే మాట్లాడారు. కాలేజీలో ఎవరైనా ఏదైనా అడిగితే గొంతు పెగలని నేను కూడా షెడ్డులో మాత్రం సిట్, స్టే, కమ్ అని గట్టిగానే అనేదాన్ని.

చూసేవాళ్ళకు ఈ పని సరదాగా ఉంటుంది. చేసేవాళ్ళకు నడుం నొప్పి. పొద్దున్నే షెడ్డు కడగాలి. మేక పేగులు శుభ్రం చేసి నూకలతో ఉడకబెట్టాలి. ఒక్కో కుక్క చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు ఏరి కిరసనాయిలు డబ్బాలో వేయాలి. ఎండాకాలమైతే షెడ్డు చల్లబడ్డానికి గోనె సంచులు తడిపి మార్చడంతోనే మధ్యాహ్నం అయిపోతుంది. తెల్ల వెంట్రుకలు ఎంత దులిపినా చీరల మీద, అన్నంలో, చదువుతున్న పుస్తకం పేజీల మధ్య కనిపించేవి. ఏడాదికోసారి మద్రాసులో కుక్కల షోకి వెళ్ళేవాళ్ళం. అక్కడ రింగులో, అంటే జడ్జి ముందు కుక్కను నడిపించే ఆవరణలో, గొలుసు పట్టుకుని పరుగెత్తేది నేనే. అందరి కళ్ళూ కుక్క మీదే ఉంటాయి కాబట్టి ఆ పని నాకు కష్టం కాలేదు.

డాల్మేషియన్ జాతికి ఒక లోపం ఉంది. కొన్ని పిల్లలు పుట్టుకతోనే చెవిటివి. మద్రాసులో పెద్ద బ్రీడర్లు, అంటే జాతి కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళు, నాన్నకు దీని గురించి ఒక నియమం చెప్పారు. చెవిటి పిల్లను అమ్మకూడదు, ఉంచుకోకూడదు. వెనక నుంచి ముట్టుకుంటే బెదిరి కరుస్తుంది, రోడ్డెక్కితే బండి కింద పడుతుంది. కాబట్టి పశువుల డాక్టరు చేత ఇంజక్షన్ ఇప్పించి ప్రాణం తీసేయాలి. నాన్న నియమాన్ని నియమంగానే పాటించే మనిషి. ప్రతి లిట్టర్‌నూ, అంటే ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నిటినీ, గచ్చు మీద పడుకోబెట్టి వాటి వెనక స్టీలు పళ్ళెం జారవిడిచేవారు. అన్నీ ఒక్కసారే లేచేవి. మా ఇంట్లో అలాంటిది పుట్టలేదని అనుకునేవాళ్ళం.

ఆ ఏడు ఎండాకాలంలో బెల్లా అనే ఆడకుక్క ఈనిన పిల్లల్లో ప్రిన్స్ ఒకడు. కంకిపాడు నుంచి వెంకట్రామయ్య గారనే రైతు కుక్కపిల్ల కోసం వచ్చినప్పుడు పట్టాల మీద గూడ్సు వెళుతోంది. ఇంజను కూతకు మిగతా పిల్లలు తల్లి కిందికి దూరాయి. ప్రిన్స్ మాత్రం తన తోకతో ఆడుకుంటూ ఉన్నాడు.

"చూశారాండీ, టెంపరమెంట్ అంటే ఇదీ. స్వభావం. రైలొచ్చినా జంకడు" అన్నారు నాన్న.

"అదేనండీ నాక్కావాల్సింది. కొత్త డాబా కట్టాం. వడ్లు ఇంట్లోనే ఉంటాయి. గుండె ధైర్యం ఉన్నది కావాలి" అని వెంకట్రామయ్య గారు దాన్నే ఎత్తుకున్నారు. నాన్న సిట్, స్టే, కమ్ అన్న మూడు మాటలూ ఆయన చేత చెప్పించి పంపారు.

కొన్ని నెలలకు ఆయన మళ్ళీ వచ్చారు. కండువాతో మొహం తుడుచుకుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు చెప్పారు.

"మీ కుక్క పిలిస్తే పలకట్లేదండి."

"ఇంగ్లీషులోనే పిలుస్తున్నారా?" అన్నారు నాన్న.

"నేను ఇంగ్లీషులోనే పిలుస్తున్నానండి. మా ఆవిడే 'దా, దా' అంటది. చెబితే వినదు."

"అదీ సంగతి. రెండు భాషలైతే కుక్క తికమక పడుతుంది. మా అమ్మాయొచ్చి మీ ఇంట్లో వాళ్ళకు నేర్పుతుంది."

నన్నెవరూ అడగలేదు. ఆ శనివారం అమ్మ తోడు రాగా బస్సులో కంకిపాడు వెళ్ళాను. వాళ్ళ వరండాలో వెంకట్రామయ్య గారు, ఆయన భార్య సీతారావమ్మ గారు, పాలేరు నాగయ్య వరసగా నిలబడితే, నేను ముగ్గురి ముందూ తల దించుకుని "సిట్" అన్నాను. ప్రిన్స్ కూర్చున్నాడు. "స్టే" అన్నాను, ఉన్నాడు. షో రింగులో అలవాటు కొద్దీ మాటతో పాటు నా చెయ్యి కూడా లేస్తుంది. దాన్ని నేనుగానీ వాళ్ళుగానీ గమనించలేదు.

"చూశారా, దొరసానమ్మ చెబితే ఎట్టా వింటదో" అన్నారు సీతారావమ్మ గారు భర్తతో. "మీరు 'సిట్టు' అంటున్నారు. ఆ అమ్మాయి 'సిట్' అంటంది. అదీ తేడా."

"నువ్వు మాత్రం 'కమ్మూ' అనట్లా?"

అమ్మ నవ్వుతూ, "పోనీలెండి వదినగారూ, అలవాటైపోతుంది" అంది. మేం వాళ్ళు పెట్టిన మినప సున్నుండలు తిని ఇంటికొచ్చేశాం.

సంక్రాంతి వెళ్ళిన తర్వాత వెంకట్రామయ్య గారు మూడోసారి మా ఇంటికొచ్చారు. ఈసారి కూర్చోమన్నా కూర్చోలేదు. వాళ్ళ ఊరి హైస్కూలు ఇంగ్లీషు మాస్టారిని పిలిపించి కూడా చెప్పించారట. మాస్టారు ఆజ్ఞాపిస్తుంటే ప్రిన్స్ వెనక్కి తిరిగి తేనెటీగను చూస్తూ కూర్చున్నాడట. అరుగుల మీది జనం నవ్వారట. అది పొగరని నాగయ్య తాడుతో కొట్టాడు. అప్పటి నుంచి వెనకగా ఎవరు వచ్చినా పళ్ళు చూపిస్తున్నాడు. ముందురోజు నిద్రలో ఉన్నవాణ్ణి తట్టబోతే నాగయ్య చెయ్యి కొరికాడు.

"రక్తం వచ్చిందండి. ఇంకోసారైతే నేనుంచలేను. తీసుకుపొండి" అన్నారు.

కరిచే కుక్కను వెనక్కి తీసుకుని నాన్న ఇంకొకరికి అమ్మరు. దాని గతి ఏమిటో నాకు తెలుసు. "ఒకసారి నేను చూసొస్తాను నాన్నా" అన్నాను. నేను అడక్కుండా మాట్లాడడం చూసి నాన్న కళ్ళజోడు తీసి చూశారు.

మర్నాడు మళ్ళీ అమ్మా నేనూ వెళ్ళాం. కుప్పనూర్పులు అయిపోయాయి. దొడ్లో గడ్డివాము పక్కన పరిచిన గడ్డి మీద ప్రిన్స్ అటు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను వెనక నుంచి వెళ్ళాను. గాలి నా మొహానికి కొడుతోంది. "ప్రిన్స్" అన్నాను. చెవి కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. రోడ్డు మీద బస్సు హారను పొడుగ్గా కొట్టింది. నాలుగడుగుల దూరంలో చప్పట్లు కొట్టాను. కుక్క నిద్రలో కూడా చెవిని వినేందుకు వదిలి పడుకుంటుంది, ఏ చిన్న చప్పుడైనా చెవి కొన తిరుగుతుంది. వాడి చెవులు గుడ్డముక్కల్లా పడి ఉన్నాయి.

అక్కడే కూర్చున్నాను. మా గచ్చు మీద పళ్ళెం పడితే వాడికి తెలిసింది చప్పుడు కాదు, కడుపు కింది అదురు. అది కాకపోతే పక్కన పిల్లలు లేచాయని లేచాడు. మేం ధైర్యమని మెచ్చుకున్నది చెవుడు. ఇంతలో గాలి తిరిగింది. నా వాసన తగిలి ప్రిన్స్ గిరుక్కున లేచి పళ్ళు బయటపెట్టాడు. నన్ను గుర్తుపట్టి, ఒళ్ళంతా ఊపుకుంటూ వచ్చి ఒళ్ళో తలపెట్టాడు.

చెబితే వీడు వెనక్కి వస్తాడు, వస్తే ఇంజక్షన్. చెప్పకపోతే దెబ్బలు, ఇంకో కాటు, చివరికి అదే ఇంజక్షన్. వరండాలోకి వెళ్ళేసరికి వెంకట్రామయ్య గారు పడక్కుర్చీలో ఉన్నారు.

"చెవుడండీ" అన్నాను.

"ఏంటమ్మాయ్, వినపళ్ళా."

"చెవుడండీ."

"ఎవరికి, నాకా?"

"కాదండీ. ప్రిన్స్‌కి. పుట్టుకతోనే."

లోపల సీతారావమ్మ గారి చేతిలో గరిటె ఆగిన చప్పుడు వినిపించింది. వెంకట్రామయ్య గారు కుర్చీలో వెనక్కి వాలి, "అయితే మా ఇంగ్లీషులో తప్పు లేదన్నమాట" అన్నారు.

నేను లేదని తలూపాను. ఇన్నాళ్ళూ ఆయన్ని బాధపెట్టింది కుక్క కాదని అప్పుడు తెలిసింది. నాగయ్య గుమ్మం దగ్గర నిలబడి కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటున్నాడు.

"మీ నాన్నగారు తెలిసి అంటగట్టారని నేననను. కానీ చెవిటిదాన్ని కాపలాకి పెట్టుకున్నానంటే ఊళ్ళో పరువుండదు. ఇంకోటి ఇస్తారా?" అన్నారు వెంకట్రామయ్య గారు.

"ఇస్తారండీ."

"మరి దీన్నేం చేస్తారు?"

నేను అమ్మ వంక చూశాను. అమ్మ చీర అంచు వంక చూసుకుంటోంది.

"ఇంజక్షన్ ఇప్పిస్తారండీ."

"ఏం ఇంజక్షన్, చెవులు రావడానికా?"

"కాదండీ."

ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "నాన్నగార్ని రమ్మనండి" అని మాత్రం అన్నారు.

నాన్న ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మర్నాడు ఇంకో కుక్కపిల్లను వెదురుబుట్టలో పెట్టుకుని నాతో బస్సెక్కారు. వరండాలో కూర్చుని నియమం అంతా వివరించారు. ఆయన చెప్పినదాంట్లో ఒక్కటీ అబద్ధం కాదు. నాగయ్య చెయ్యే దానికి సాక్ష్యం.

వెంకట్రామయ్య గారు విని, "రాత్రి ఆలోచించానండీ. దొంగొస్తాడు. చుక్కల కుక్కని చూస్తాడు. దానికి చెవుడని దొంగకి ఎవరు చెబుతారు?" అన్నారు.

"అది కాదండీ. మనిషిని కరిస్తే?"

"వెనక నుంచి వెళితే కదండీ కరిచేది" అన్నాడు నాగయ్య. అడక్కుండా అతను మాట్లాడడం నేను వినడం అదే మొదలు. "ముందు నుంచే వెళతాను. తాడు పారేశాను."

సీతారావమ్మ గారు అరుగు దిగి, దొడ్డి చివర ఉన్న ప్రిన్స్ తనను చూసేదాకా ఆగి, పమిట చెంగు పట్టుకుని గాలిలో ఒకసారి ఊపారు. వాడు కొబ్బరిచెట్లు దాటుకుని పరుగెత్తుకొచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర ఆగాడు.

నాన్న తెచ్చిన బుట్టను మళ్ళీ తన దగ్గరికి లాక్కున్నారు. రోడ్డు వైపు దడి కట్టించాలని, ఆడకుక్కతో జత కలపకూడదని రెండు షరతులు పెట్టారు. వెంకట్రామయ్య గారు ఒకటే పెట్టారు, ఊళ్ళో ఎవరికీ చెప్పకూడదని. మేం బస్సు కోసం నిలబడి ఉండగా అరుగు మీద ఎవరో వచ్చి కూర్చున్నారు. సీతారావమ్మ గారు చెంగు ఊపుతూ "కమ్మూ, ప్రిన్సూ, కమ్మూ" అని వీధి మొత్తానికి వినపడేలా కేకేస్తున్నారు. ప్రిన్స్ వెళుతున్నాడు.

నాకు నవ్వొచ్చింది. నాన్నకు రాలేదు. బస్సు కదిలాక, "మైలవరం వాళ్ళది కూడా బెల్లా పిల్లే కదా" అన్నారు. అంతకు ముందటి ఈతలో ఒకదాన్ని మైలవరంలో ఒక కిరాణా కొట్టాయన తీసుకున్నారు. మొండిదని ఆయన కబురు చేస్తే, ఇంగ్లీషులో చెప్పి చూడమని కబురు పంపాం.

ఆ వారంలోనే వెళ్ళాం. కొట్టాయన పొట్లం కడుతూనే చెప్పారు. "అదెప్పుడో పోయిందండీ. లారీ కింద పడింది. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు, జరిగితేగా. మొండిది కదండీ."

నాన్న అక్కణ్ణుంచి మాట్లాడకుండా వచ్చేసి ఉండొచ్చు, రాలేదు. "మొండిది కాదండీ. దానికి వినపడదు. మాకు పరీక్ష చెయ్యడం రాలేదు" అన్నారు. కొట్టాయన చేతిలో దారం అలాగే ఉండిపోయింది. "అయితే ఊరికే కొట్టానన్నమాట" అని, తర్వాత వచ్చినవాళ్ళకు ఏం కావాలో అడిగారు.

బెల్లాను మళ్ళీ ఈనించలేదు. ఇప్పుడు మా పరీక్ష వేరు. ఒక్కో పిల్లను మిగతావాటి నుంచి వేరు చేసి, పరుపు మీద, గాలి తగలని గదిలో ఉంచి, వెనక నుంచి తాళాలగుత్తి ఆడిస్తాం. చెవి కదిలేదాకా ఊపిరి బిగబట్టుకుని చూస్తాను. కుక్క మాట వినట్లేదని ఎవరైనా వస్తే, ఏ భాషలో చెబుతున్నారని అడగడం మానేశాం. వాళ్ళ ఇంటికి వెళ్ళి చూస్తాం. కొన్నిసార్లు నిజంగానే మొండివి. ఎక్కువగా అలసిపోయినవో, ఆకలితో ఉన్నవో.

మొన్న వేసవి లిట్టర్‌లో ఒక పిల్ల చెవి కదల్లేదు. నాన్న గుత్తి మూడుసార్లు ఆడించి, నా చేతికిచ్చి, బయటికి వెళ్ళిపోయారు. డాక్టరుకు కబురు చేయమని నాన్న ఇంతవరకూ అనలేదు. నేనూ అడగలేదు. అది మా వరండాలో పెరుగుతోంది. దాని ముందు నుంచే నడుస్తున్నాం.