ఉప్పు వేయని గిన్నె

మొరాకోలోని ఫెస్ పాతబస్తీలో మా గోడకు అవతలి ఇల్లు బతూల్‌ది. పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ వంటలు చేసి, భర్త పోయాక సంసారాన్ని ఒంటరిగా ఈదింది. గుమ్మడికి దాల్చినచెక్క, టర్నిప్‌కు అల్లం, బాలింతకు మెంతులు. ఏ కాలానికి ఏ కూర, ఏ ఒంటికి ఏ దినుసు అన్నది ఆమె చేతికే తెలుసు. శుక్రవారం ఆమె ఏడు కూరగాయల పులుసు ఉడుకుతుంటే మా ఇంట్లో ఎవరికీ చదువు సాగేది కాదు.

ఆ చలికాలం కోడలు తూరియాకు నెలలు నిండాయి. ఖర్షూఫ్ అనే చేదుకూర కాడలంటే ఆమెకు ప్రాణం. చేదు పోవడానికి వాటిని నిమ్మరసంలో ఉడకబెట్టి, సలసల కాగుతున్న నీళ్ళు ముంగిట్లోని తూములో వంపేసింది.

"బిస్మిల్లా అన్నావుటే?" అంది బతూల్.

"తూములో ఎవరున్నారు లల్లా, బొద్దింకలు తప్ప? పోనీలే, వాటికీ స్నానమైంది."

అత్తను లల్లా అనే పిలిచే తూరియా నవ్వింది. బతూల్ నవ్వలేదు. తూముల్లో ఉండే జిన్నులను, ఆ కిందివాళ్ళను, బిస్మిల్లా అని హెచ్చరించకుండా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వేడినీళ్ళు పోయలేదు.

ఆడపిల్ల పుట్టింది. తల్లికి పాలు పడలేదు. బతూల్ మెంతులు, పప్పు వేసి కోడి వండింది. తూరియా ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.

"సముద్రం తెచ్చి పోశావా లల్లా?"

బతూల్ రుచి చూసింది. ఉప్పు సరిగ్గానే ఉంది. మర్నాడు సగం వేసింది. మళ్ళీ అదే మాట. చివరికి అసలు వేయకుండా పెడితే, తూరియా రొట్టెతో గిన్నె తుడిచి మరీ తింది. పాలు మాత్రం రాలేదు. పిల్ల ఏడుపు సన్నబడిపోతోంది.

పక్కింటి హ్నియా గుమ్మంలోంచే అంది: "ఉప్పు లేనిది తినేది మనుషులు కాదమ్మా, ఉప్పు గిట్టని కిందివాళ్ళు. నీ కోడలు ఎవరి పంక్తిలో కూర్చుందో చూసుకో."

"నీ నోట్లో బొగ్గు పడ!" అంది బతూల్.

శుక్రవారం ఖర్షూఫ్‌తో కలిపి ఏడు కూరగాయలూ, కుంకుమపువ్వూ, అల్లమూ వేసి పులుసు కాచింది. ఉప్పు వేయకముందే ఒక గిన్నెడు తీసి, ఇల్లు కునుకుతున్న వేళ తూము పక్కన పెట్టింది.

"మా కోడలు తెలియక చేసింది. చంటిదాన్ని చూసైనా వదిలేయండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం నమాజు పిలుపయ్యాక వచ్చి చూస్తే గిన్నె కడిగినట్టుంది. ఖర్షూఫ్ ముక్కలు మాత్రం అంచున వరసగా పేర్చి ఉన్నాయి. పిల్లులు అలా పేరుస్తాయా?

అప్పుడే లోపలినుంచి తూరియా గొంతు: "లల్లా, ఆకలేస్తోంది. ఈసారి ఉప్పేసి పెట్టు."

బతూల్ ఏడుస్తూనే మిగిలిన పులుసులో ఉప్పు వేసి వడ్డించింది. తూరియా ఆబగా తింది. చీకటి పడేలోగా పాలు పడ్డాయి. పిల్ల గుటకలు వేస్తున్న చప్పుడు గోడ ఇవతల నాకూ వినిపించింది.

బతూల్ కంచం తీయబోయి ఆగింది. అంచున ఖర్షూఫ్ ముక్కలు వరసగా ఉన్నాయి.

"ఇవి తినలేదేం తల్లీ? నీకు ప్రాణం కదా?"

"కాలుతున్నాయి లల్లా."

పులుసు ఎప్పుడో చల్లారిపోయింది.

ఇప్పుడా పిల్ల బడికి వెళ్తోంది. బతూల్ పులుసులో మాత్రం ఇప్పటికీ ఆరే కూరగాయలు. ఏడోదేదని హ్నియా ఎకసెక్కమాడితే, బతూల్ కోడలివైపు ఒకసారి చూసి, ఉప్పు డబ్బా దగ్గరికి జరుపుకుంటుంది.