పథ్యం నుంచి విడుదల

సహోదరులారా, అక్కలారా, పోయిన ఎండాకాలం ఈ మందిరంలనే ఒక ఆడపిల్ల చేతులు కొంకర్లు పోతే మీరందరు లేచి దురాత్మను గద్దించి ప్రార్థన చేసిండ్రు గదా, ఆ బిడ్డ తల్లిని నేనే. ఆ రోజు మీరు చూసిండ్రు గని అంతకుముందు మా ఇంట్ల ఏం జరుగుతుండెనో మీకు తెల్వదు, ఇయ్యాల సిగ్గుపడుకుంటనే చెప్తున్న.

మా కరుణకు ఎనిమిదేండ్లు. మూడేండ్ల నుంచి పేగుల జబ్బు, తిన్నది ఒంటికి పట్టదు, నెలల పది దినాలు విరేచనాలే. మా అత్తగారింట్ల బాలింతకైనా జ్వరమొచ్చినోళ్లకైనా సల్ల, పెరుగు, ఆకుకూర, పల్లీలు అన్నీ బంద్. నేను అందరికంటె మొండిదాన్ని! డాక్టరు ఒక్క వారం తిండి జాగ్రత్త అంటే నేను ఏడాదిన్నర చారు మెతుకులే పెట్టిన. మా ఊరు పాన్‌గల్‌ల కల్లం కాడ పల్లికాయ ఆరబోస్తే పిల్ల ఒక గింజ నోట్లేసుకున్నది, వేలు పెట్టి తీసిన. బిడ్డను నేనే కాపాడుతున్ననని లోపల గర్వం గూడ ఉండె, తండ్రి నన్ను క్షమించాలె.

తర్వాత పిక్కలు పట్టుడు, మూతి చుట్టు తిమ్మిర్లు, వేళ్లు లోపలికి ముడుసుకునుడు మొదలైంది. పెన్సిలు పట్టరాకపాయె. ఎవరో ఏదో చేసిండ్రన్నరు, నేను నమ్మిన, మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్న. మూడో శుక్రవారం, మీరందరు దురాత్మను గద్దించిన ఆ కూటంలనే, పిల్లలను గూడ ప్రార్థన చేయుమంటే, కరుణ ముడుసుకున్న చేతులు ఒళ్లె పెట్టుకొని చిన్నగ అన్నది, "యేసయ్యా, మా అమ్మకు భయం తీసెయ్యి. నాకు సల్ల బువ్వ పెట్టెటట్లు చెయ్యి."

నేను దయ్యాన్ని ఎల్లగొట్టమని అడుగుతుంటే నా బిడ్డ నా భయాన్ని ఎల్లగొట్టమన్నది, సహోదరులారా! తెల్లారి వనపర్తి దవాఖానకు తీస్కపోయిన. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి కాల్షియం, మెగ్నీషియం రెండూ అడుగంటినయని, అందుకే వేళ్లు ముడుసుకుంటున్నయని, విరేచనాలల్ల కొంత పోతే మిగిలింది నా పథ్యంల పోయిందని, మెగ్నీషియం లేకుంటే కాల్షియం ఎంత ఇచ్చినా నిలవదని చెప్పింది. తిట్టలేదు. "జబ్బున్న పిల్లకు ఇంకా ఎక్కువ బలం గావాలె, ఉన్నది గూడ తీసేస్తే ఎట్లమ్మా?" అన్నది, అంతే. సూదులిచ్చిండ్రు, మందులు రాసిండ్రు, పెరుగు, రాగి జావ, తోటకూర, నానబెట్టిన పల్లీలు కొంచెం కొంచెంగ మొదలుపెట్టుమన్నరు.

మొదటి రోజు సల్ల బువ్వ కలిపిన. "ప్రభువా, నీకే అప్పజెప్తున్న" అని ముద్ద పెట్టిన. బిడ్డ కండ్లు మూసుకొని తిన్నది, నేను ఏడ్సిన.

పేగుల జబ్బు ఇంకా ఉన్నది, అబద్ధం చెప్పను, నెలనెలా దవాఖానకు పోతనే ఉన్నం. గని వేళ్లు సాగినయి, పిక్కలు పట్టుతలేవు. విడుదల ముందు నాకు దొరికింది, తర్వాత బిడ్డకు. మీ ఇంట్ల గిట్ల బాధపడే పిల్ల ఉంటే మోకాళ్ల మీద ఉండుండ్రి, దవాఖానకూ పోండ్రి, భయపడి కంచం ఖాళీ చేయకుండ్రి, మన తండ్రి పిల్లలను పస్తు పెట్టేటోడు కాదు, ఆయనను నమ్ముండ్రి. ఇప్పుడు పాట ఎత్తుకుంటరు గదా, ముందు వరుసల చప్పట్లు కొట్టే చిన్న చేతులను జర చూడుండ్రి, దేవునికే మహిమ.