బెండుకూ ముల్లుకూ పడలేదు

యుద్ధం ముగిసిన కొత్తల్లో నేను నరసరావుపేటలో ఒక వకీలుగారి కారు డ్రైవర్ని. ట్యాంకులో పెట్రోలు మీద తేలుతూ, అది ఎంతుందో మీటరు ముల్లుకు చెప్పే బెండు పాడైపోయింది. దానికి సరైనది దొరక్క, మెకానిక్ సాయిబు పాత మిలిటరీ లారీలోది తెచ్చి బిగించాడు. అప్పటినుంచి ట్యాంకు నిండితే ముల్లు ఖాళీ దగ్గర పడుకునేది. పెట్రోలు అయిపోయేకొద్దీ నిండు వైపు లేచేది.

"రెంటికీ పొత్తు కుదరట్లా బాబుగారూ" అని వకీలుగారితో అంటూ సాయిబు మీటరు అద్దం విప్పాడు. రెండు కొసల్లోనూ కాగితం ముక్కలంటించి, నిండు ఉన్నచోట ఖాళీ అనీ, ఖాళీ ఉన్నచోట నిండు అనీ రాశాడు.

మర్నాడు గురజాల కోర్టులో వాయిదా. పిడుగురాళ్ల దాటాక ముల్లు కుడి కొసకు చేరింది.

"అయ్యగారూ, ఖాళీ అయింది. ఎనక్కిపోయి పెట్రోలు పోయించుకుందామండీ" అన్నాను.

"కుడి కొసంటే నిండు కదరా!"

"అక్కడ ఖాళీ అని రాసుందండీ."

"రాసింది సాయిబు. ముల్లును చేసింది కంపెనీ. ఎవరి సాక్ష్యం చెల్లుద్దిరా?"

అంతలో కారే ఆగిపోయి సాక్ష్యం చెప్పింది.

దారిన పోయే రైతు ఒకాయన జాలిపడి, బండి ఎడ్లను విప్పి కారుకు కట్టాడు. వకీలుగారు నల్లకోటు సర్దుకుని వెనక సీట్లో నిటారుగా కూర్చున్నారు. నేను అలవాటు కొద్దీ ఎడ్ల వెనక హారన్ కొడుతూనే ఉన్నాను. కోర్టు ముందు కక్షిదారులు లేచి దండాలు పెట్టారు. ఒక్కరూ నవ్వలేదు.

ఆ తర్వాత మేం ముల్లు జోలికి పోలేదు. ట్యాంకులో కందిపుల్ల ముంచి చూసేవాణ్ణి. అయ్యగారు స్వయంగా వచ్చి, తడి ఎంతవరకుందో చూసి, వాసన పీల్చి, "సరే, పోనీయ్" అనేవారు.