టేకు కుర్చీకి ఎదురుగా

మొన్న ఉదయం మోస్రా నుంచి ఫోను వచ్చింది. "అక్కా, ఇయ్యాల మంచిగ లేను" అంది అవతలి గొంతు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఎదుటి మనిషి బాగాలేనంటే ముఖం అలా వెలిగిపోవడమేమిటని పక్కన చాయ్ తాగుతున్న మావారు వింతగా చూశారు. ముప్ఫై ఏళ్లు కాపురం చేసినా నా ఉద్యోగం ఆయనకు పూర్తిగా అర్థం కాలేదు. ఆ ఊరి వాళ్లు నన్ను 'అక్కా' అని పిలవడం మీద ఆయనకు కొంచెం అభ్యంతరం కూడా ఉంది. ఒకప్పుడు నాకూ ఉండేది.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. రిటైరయ్యేదాకా నిజామాబాద్ నుంచి వారానికి నాలుగు రోజులు పల్లెలకు వెళ్లేదాన్ని. మందులు రాయడం పట్నంలోని డాక్టరుగారి పని. మనుషులను మాట్లాడించి, విని, ఎలా ఉన్నారో రాసి పంపడం నా పని. నా రాత చూసే ఆయన మాత్రలు పెంచడమో తగ్గించడమో చేసేవారు. గురువారం మోస్రా వంతు. ఆ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లు ఒకనాడు మా తాత చెప్పుచేతల్లో ఉండేవి. నేను పుట్టేనాటికి భూములు పోయాయి, నా చదువు పూర్తయ్యేనాటికి మేముండే కోటలాంటి గడీ పోయింది. అందులో ఇప్పుడు వడ్ల బస్తాలు పెడుతున్నారు. మాకు మిగిలింది తాత కూర్చునే టేకు కుర్చీ, వెన్ను వంచకుండా కూర్చునే అలవాటు, అంతే. మోస్రాలో నాకిచ్చిన గదిలో ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. కూర్చుంటే దాని కాళ్లు నాలుగు దిక్కులకూ పోయేవి. అలాంటి దానిలో కూర్చుని ఒకరికి ధైర్యం చెప్పడం నాకు నచ్చలేదు. మరుసటి గురువారం ట్రాలీ ఆటోలో టేకు కుర్చీ తెప్పించాను. "ఇది కుర్సీనా మేడం, రథమా?" అన్నాడు ఆటో అతను. దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

ఆ కుర్చీ వచ్చాక మోస్రాలో నా వైద్యం అద్భుతంగా పనిచేసింది. ఇంకో రోజు వెళ్లే బోధన్‌లో రోగులు నెలల తరబడి ప్రాణాలు తోడేసేవారు. నిద్ర పట్టడం లేదని, మాత్రలు పడడం లేదని, మీ మాటల వల్ల ఒరిగిందేమీ లేదని ముఖం మీదే అనేవారు. చెరుకు రేటు పడిపోతే అదీ నా తప్పే. మోస్రాలో ఆ గొడవే లేదు. చెప్పులు బయట విడిచి, ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చోకుండా, తలుపు చెక్క పట్టుకుని నిలబడి "మంచిగనే ఉన్నం దొరసాని" అనేవారు. రెండోసారి వచ్చేసరికే అందరికీ నయమైపోయేది. ఈ ఊళ్లలో మా ఇంటిపేరు ఇంకా పనిచేస్తోందనుకున్నాను. పనిచేసింది, నిజమే.

అలా నయమైన వాళ్లలో ఒక బీడీలు చుట్టే ఇల్లాలు ఉండేది. రెండో కాన్పు తర్వాత మనిషి చిక్కిపోయి, మాట తగ్గిపోయి, పసివాడు ఏడ్చినా చూడడం లేదని అత్తే తీసుకొచ్చింది. మూడు వారాలు వరుసగా "మంచిగనే ఉన్న" అంది. మూడు వారాలూ 'మెరుగు' అని రాశాను. డాక్టరుగారు మాత్రలు తగ్గించారు. నాలుగో వారం అత్త ఒక్కతే వచ్చింది. చెప్పులు విడవలేదు.

"నిన్న పొద్దుగాల మా కోడలు కాల్వ గట్టు మీదికెల్లి దిగవోయింది. చెరుకు కొట్టెటోళ్లు సూసి చెయ్యి వట్టి గుంజిండ్రు, లేకుంటె ఇయ్యాల మాకు పిల్ల లేకపోవు" అంది.

"నాతో బాగానే ఉన్నానంది కదా" అన్నాను. అంతకంటే పనికిమాలిన మాట నా జీవితంలో మరొకటి అనలేదు.

"గీ కుర్సీ ముంగట బాగలేదని ఎవలన్న అంటరా? మా మామ జరంతోని పెయ్యి కాలిపోతుంటె గూడ మీ తాత ముంగట బాగున్న దొరా అన్నడట. గట్లనే నిలవడి, గట్లనే పడిపోయిండట. నువ్వు సదువుకున్నదానివి, నీకు ఎరుక లేదా?"

ఎరుక లేదు. మా ఇంట్లో ఆ కథ ఎవరూ చెప్పలేదు. ఆ క్షణంలో ఆమె మీద కోపం వచ్చిన మాటా నిజమే. అయినా ఆమె వెనకే వాళ్లింటికి నడిచాను. బయలుదేరే ముందే డాక్టరుగారికి ఫోను చేసి నా తప్పు చెప్పి పాత మోతాదే మళ్లీ రాయించాను. కోడలిని ఒంటరిగా వదలకూడదన్నాను. "నేనేడికి వోత? కండ్లల్ల వెట్టుకుంట" అంది అత్త.

కోడలు బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గోడవార కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. ఆమె లేచేలోగానే నేను నేల మీద కూర్చున్నాను. ఎదురుబదురుగా కూర్చుని ఏం అడగాలో తోచక, తడిపిన తునికాకు ఒకటి తీసి, కొంచెం తంబాకు పోసి చుట్టాను. దారం కట్టేసరికి సగం తంబాకు ఒళ్లో పడింది. ఆమె ఓరగా చూసింది.

"గిది బీడీనా దొరసాని? పిల్లి తోకనా?"

"గిసొంటి బీడీలు సుట్టె కోడలు మాకొస్తె రెండో దినమే తల్లిగారింటికి తోలుదుం" అంది గుమ్మంలోంచి అత్త.

నా చదువుకు ఇంతకుముందు అంత అవమానం జరగలేదు. పట్టుదల పెరిగి ఇంకోటి చుట్టాను, మరోటి చుట్టాను. చేతికి పని ఉన్నంతసేపూ ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కరలేదు. ఏ ఇరవయ్యో బీడీ దగ్గరో, ఆకు కత్తిరించే కత్తెర ఆపకుండానే ఆమె అంది: "మంచిగ లేను."

నేను తల ఎత్తలేదు.

"చిన్నోడు పుట్టినకాన్నుంచి లేను. ఆడు ఏడుస్తుంటె ఇనవడ్తది, లేవబుద్ధి కాదు. కన్నతల్లికి గట్లుంటదా?"

"ఉంటుంది. చాలామందికి ఉంటుంది. తగ్గుతుంది కూడా" అన్నాను.

"ఇంకెవలికన్న గూడ ఉంటదా?" అని మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. అప్పుడు ఏడ్చింది. చాట పక్కన పెట్టి, చాలాసేపు. అత్త పసివాణ్ని చంకనేసుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

తర్వాతి గురువారం టేకు కుర్చీని వచ్చినవాళ్ల వైపు వేయించి, నేను ప్లాస్టిక్ దాంట్లో కూర్చున్నాను. ఎవరూ దాని జోలికి పోలేదు. చివరికి అత్తే చీర కుచ్చిళ్లు ఎగదోపి ఎక్కి కూర్చుంది. "మా మామ నిలవడ్డదంత నేనే కూసుంట" అంది. కాసేపు అటూ ఇటూ కదిలి, నడుము పట్టుకుని, "వామ్మో, గిదేం కుర్సీ! గిండ్ల కూసున్న దొరకు గంత కోపమెందుకో ఇప్పుడు ఎరుకైంది" అంది. గదిలో అందరూ నా వైపు చూశారు. నేను నవ్వాక నవ్వారు. ఆ కుర్చీలో నాకు మొదటి రోజు నుంచీ నడుము నొప్పేనని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ వేళ నుంచి మోస్రాలో ఎవరికీ రెండోసారికే నయం కాలేదు. కోడలికి ఏడాది పట్టింది. పసివాడు ఇప్పుడు నాకంటే పొడుగు. నన్ను మొదట అక్కా అన్నది ఆమే. వినగానే వెన్ను బిగుసుకున్న మాట నిజం. తర్వాత అలవాటైంది, ఆ పైన ఎదురుచూడడం కూడా వచ్చింది.

మొన్న ఫోను చేసింది కూడా ఆమే, ప్రమాదమేమీ లేదు. రెండు రాత్రులు నిద్ర లేదు, పాత భయం కొంచెం తలెత్తింది, ముదరకముందే చెప్పాలని చేసింది. పదకొండు గంటల బస్సుకు వచ్చేయమన్నాను. టేకు కుర్చీ ఇప్పుడు మా ముందు గదిలోనే ఉంది. దానిమీద మెత్తటి దిండు వేసి ఉంచాను. ఆ కుర్చీకి ఎదురుగా మా తాత కాలంలో ఒక్కరి నోటా పలకని మాట, ఆ 'మంచిగ లేను'. ఒక మనిషి బతుకంత కాలం ఆలస్యంగా బయలుదేరినా, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.